తెర మధ్యలో చిన్న బొమ్మ

మా ఇంట్లో మొదటి గొడవ అక్షరం సైజు మీద వచ్చింది.

నేను పెళ్ళై అమలాపురం వచ్చేనాటికి మావారు ఒక ప్రింటింగ్ ప్రెస్‌లో సీసపు అక్షరాలు పేర్చేవారు. తొంభైల చివర్లో ఆ ప్రెస్సు మూతపడింది. పెళ్ళి కార్డులు, కరపత్రాలు, బారసాల పిలుపులు అన్నీ కంప్యూటర్ మీదకి వెళ్ళిపోయాయి. నాకు తెలుగు టైపు వచ్చు. ఆయనకి పేజీ కట్టడం చిన్నప్పటినుంచీ చేత్తో పెట్టిన విద్య. అందుకని మా ముందు గదిలోనే డీటీపీ సెంటర్ పెట్టాం. వీధిలోకి ఉన్న తలుపు తీసేస్తే అదే షాపు, వేసేస్తే అదే ఇల్లు.

మావారి తమ్ముడు, అంటే మా మరిది, కాకినాడలో కంప్యూటర్లు బిగించి అమ్మే షాపులో పనిచేసేవాడు. మా సిస్టమ్ తనే తెచ్చి బిగించాడు. మానిటర్ పదిహేను అంగుళాలది. వెనకాల ఇంత డిప్ప, టీవీలాగే బరువు. బల్ల మీద పెట్టించి, స్విచ్ వేసి, నాకు అర్థమయ్యేలా చెప్పాడు.

"తెర నిండా చుక్కలుంటాయి వదినగారూ. చుక్కలెక్కువ పెట్టుకుంటే అక్షరం చిన్నదయిపోద్దండి, పేజీ మాత్రం ఎక్కువ కనపడుద్ది. తక్కువ పెట్టుకుంటే అక్షరం పెద్దదవుద్ది, పేజీ ముక్కే కనపడుద్ది. దాన్నే రిజల్యూషన్ అంటారు. ఈ మానిటర్‌కి ఎనిమిది వందలు బై ఆరు వందలు పెట్టేనండి. రోజంతా చూసినా కళ్ళు లాగవు."

తను కాకినాడ బస్సెక్కిన మర్నాడే మావారు దాన్ని మార్చేశారు. వెయ్యి ఇరవై నాలుగు పెట్టారు. ఆ చిన్న తెర మీద అది మరీ ఎక్కువ. నేను టైపు చేస్తుంటే వత్తులు చీమల్లా ఉన్నాయి. శ్రీరస్తులో శ కింద ర వత్తుందో లేదో తెలియడం లేదు.

"ఏవండీ, ఇదేంటండీ, నాకేం కనపడట్లేదు" అన్నాను.

"నాకు బానే ఉంది. ఇలా పెడితే కార్డంతా ఒక్కసారి కనపడతంది. వాడు పెట్టినట్టు పెడితే ఇటో ముక్క, అటో ముక్క. ఎక్కడుందో వెతుక్కోవాలి."

నేను మళ్ళీ ఎనిమిది వందలకి మార్చాను. ఆయన మళ్ళీ వెయ్యి ఇరవై నాలుగుకి మార్చారు. మాకిద్దరికీ పట్టుదల ఎక్కువే. వారం రోజులు అలా జరిగాక ఒప్పందానికి వచ్చాం. నేను టైపు చేసేటప్పుడు నాది, ఆయన పేజీ కట్టేటప్పుడు ఆయనది. ఆయన కూర్చునేటప్పుడు కుర్చీ కూడా వెనక్కి లాక్కునేవారు. చెయ్యి చాచితేగానీ కీబోర్డు అందనంత దూరం. ప్రెస్‌లో నిలబడి పనిచేసిన మనిషి కదా, ఆ అలవాటేమో అనుకున్నాను.

ఆయన చూపు గురించి ఎవరికీ అనుమానం రావడానికి లేదు. పంచాంగం వెనక అట్ట మీద వేసే ప్రకటనలో సన్న అక్షరాల్లో తప్పు ఆయనే పట్టుకునేవారు. అంబాజీపేట, కొత్తపేట నుంచి కూడా ప్రూఫు చూపించుకోవడానికి వచ్చేవారు. "మీ కంట పడితే ఇంక తప్పుండదండి" అనేవారు. అది విని ఆయన మీసాల్లో నవ్వుకునేవారు.

మరిది తర్వాతిసారి వచ్చినప్పుడు ఒక కార్ల పందెం గేమ్ ఎక్కించి వెళ్ళాడు. మావారికి అదెంత నచ్చిందంటే, మధ్యాహ్నం భోంచేసి, జనం రాని వేళ, కరెంటుంటే చాలు, దాని ముందే. ముప్ఫై ఆరేళ్ళ మనిషి బనీనుతో కూర్చుని మలుపు తిరిగినప్పుడల్లా ఒళ్ళంతా వంచేస్తుంటే మా పాప చప్పట్లు కొట్టేది. దానికప్పుడు నాలుగేళ్ళు.

కానీ ఆయన బాగా ఆడేవారు కాదు. ముందున్న కారుని సూటిగా తరిమేటప్పుడు ఆయన్ని మించినవాడు లేడు. పక్కనుంచి ఇంకో కారు వస్తే మాత్రం అంతే, గుద్దేసేవారు. గుద్దిన ప్రతిసారీ ఒకటే మాట.

"ఎక్కణ్ణుంచి వచ్చిందిది?"

నేను వెనక బియ్యం ఏరుకుంటూ చూస్తుండేదాన్ని. ఆ కారు ఎడమవైపు నుంచి తీరిగ్గా వస్తూనే ఉండేది. పాపకి కూడా కనపడేది. "నానా, ఎర్ర కారు, ఎర్ర కారు" అని అరిచేది. "ఏదే?" అనేవారు. ఈలోపు అయిపోయేది.

కొన్నాళ్ళకి ఆయనే ఒక ఉపాయం కనిపెట్టారు. ఆ గేమ్‌లో బొమ్మని చిన్నది చేసుకునే వీలుంది. మీట నొక్కినకొద్దీ చుట్టూ నల్లటి అంచు పెరిగి, రోడ్డు, కార్లు అన్నీ తెర మధ్యలోకి ముడుచుకుపోతాయి. ఆయన పోస్టుకార్డంత చేసుకుని, కుర్చీ వెనక్కి లాక్కుని ఆడేవారు. అప్పుడు గుద్దడం తగ్గింది. ఆయనకి మహా సంతోషం.

మరిదికి ఫోన్‌లో చెబితే తనేమీ ఆశ్చర్యపోలేదు. "మన మిషన్‌కి అంత దమ్ములేదు కదా వదినగారూ. బొమ్మ చిన్నది చేస్తే గేమ్ జోరుగా నడుస్తుంది. అందరూ అలాగే చేస్తారండి. అన్నయ్య తెలివైనోడు" అన్నాడు.

నేనూ అలాగే అనుకున్నాను.

ఆ ఏడాదే ఇంట్లో చిన్న చిన్న వస్తువులు పగలడం మొదలైంది. బల్ల మీద ఎడమపక్కన టీ గ్లాసు పెడితే మోచేత్తో తోసేసేవారు. "చెప్పి పెట్టొచ్చు కదా" అని నా మీద విసుక్కునేవారు. గుమ్మం దాటేటప్పుడు భుజం తలుపుకి కొట్టుకునేది. పాప కిందకూర్చుని ఆడుకుంటుంటే దాని బొమ్మల మీద, ఒకసారి దాని చేతి మీద కూడా కాలేశారు. పాప ఏడిస్తే ఆయన కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "ఎప్పుడొచ్చి కూర్చుందే ఇది? ఇప్పటిదాకా లేదు కదా" అన్నారు. పాప అక్కడ పొద్దుటి నుంచీ ఉంది.

ఒకసారి మాకు బాగా తెలిసిన పురోహితుడు గారొకరు లగ్నపత్రిక రాసిన కాగితం పట్టుకుని పక్కన నిలబడ్డారు. చెయ్యి చాచి కాగితం ఇస్తున్నారు. ఈయన తెర వైపు చూస్తున్నారు. పురోహితుడు గారి చెయ్యి అలాగే ఉంది. నేను లేచి అందుకున్నాను. పురోహితుడు గారు వెళ్ళేటప్పుడు నాతో మెల్లగా, "అబ్బాయికి నా మీద కోపమేమన్నా ఉందాండి?" అని అడిగారు. తలనొప్పండి, అన్నాను.

తలనొప్పి అబద్ధం కాదు. తరచూ నుదురు పట్టుకునేవారు. అన్నిటికీ మానిటర్‌నే అనుకున్నాం. చుక్కలు మరీ ఎక్కువ పెడితే ఆ మానిటర్ సన్నగా వణికేది, తుమ్ముకి ముందు కంట్లో వచ్చే అదురులాగ. అందుకే కళ్ళు అలిసిపోతున్నాయని నేను పోరుపెట్టి గడియారస్తంభం దగ్గర కళ్ళజోళ్ళ షాపుకి తీసుకెళ్ళాను. షాపాయన అక్షరాల అట్ట పెట్టి చదవమన్నాడు. ఈయన చిట్టచివరి వరస గబగబా చదివేసి, దాని కింద అచ్చేసిన ప్రెస్సు పేరు కూడా చదివారు.

షాపాయన నవ్వేసి, "ఆయ్, ఈ కళ్ళకి నేనేం జోడు ఇవ్వనండీ? నాకంటే మీకే బాగున్నాయి. కంప్యూటర్ తగ్గించండి చాలు" అన్నాడు.

ఇంటికొచ్చేటప్పుడు ఆయన నన్ను బాగా ఆటపట్టించారు. నాకూ మనసు తేలికపడింది. కాదనడానికేముంది? చదివింది నా ఎదురుగానే కదా.

తర్వాత మా పిన్ని కూతురి ఓణీల ఫంక్షన్‌కి అంబాజీపేట అవతల ఊరికి స్కూటర్ మీద బయల్దేరాం. పాప ముందు నిలబడింది. నేను వెనక. కాలువ గట్టు రోడ్డు. కుడిపక్క కాలువ నిండుగా పారుతోంది, ఎడమపక్క కొబ్బరి తోటలు. పదిన్నర, పదకొండయింది, ఎండ బాగా ఉంది. ఎదర రోడ్డు ఖాళీ.

ఎడమపక్క తోటల మధ్య పుంత దారిలోంచి ఒకాయన సైకిల్ మీద వస్తున్నాడు. సైకిల్‌కి అటూ ఇటూ బొండాల గెలలు. నాకు చాలా దూరం నుంచే కనపడ్డాడు. మావారికీ కనపడే ఉంటాడనుకున్నాను. స్కూటర్ వేగం తగ్గలేదు. సైకిలాయన మేం ఆగుతామనుకుని రోడ్డెక్కేశాడు. అప్పుడు నేను "ఏవండీ!" అని అరిచి ఆయన చొక్కా పట్టుకున్నాను. ఆయన బ్రేకు వేయలేదు. ఎందుకు అరిచానోనని తల కొంచెం నా వైపు తిప్పారు. అంతే. ఆ తిప్పడంలో సైకిల్ కనపడింది కాబోలు, ఒక్కసారి హేండిల్ పక్కకి లాగేశారు.

స్కూటర్ గట్టు అంచుదాకా వెళ్ళి ఆగింది. ముందు చక్రం కింద మట్టి పెళ్ళ విరిగి కాలువలో పడింది. పాప హేండిల్ పట్టుకుని నిలబడి ఉంది, ఏడవను కూడా లేదు. సైకిలాయన దూకేశాడు గానీ సైకిల్ కాలువలోకి దొర్లిపోయింది. బొండాలు ఒక్కొక్కటే పైకి తేలి పల్లానికి పోతున్నాయి.

"కళ్ళు మూసుకుని తోల్తన్నారేంటండీ?" అన్నాడతను. "పిల్లని ముందు పెట్టుకుని ఇదేం తోలడవండీ?"

మావారు అతన్ని చూస్తూ నిలబడ్డారు. ఆయన ముఖంలో భయం కంటే తెల్లబోవడమే ఎక్కువుంది.

"ఎక్కణ్ణుంచి వచ్చేరండీ మీరు?" అన్నారు.

రోజూ మధ్యాహ్నం మా ముందు గదిలో వినే మాటే అది. అదే గొంతు, అదే ఆశ్చర్యం. కానీ నాకప్పటికీ దాన్ని ఎలా పట్టుకోవాలో తెలియలేదు. చదివే అక్షరం చదువుతున్నారు. చూసే మనిషిని చూస్తున్నారు. మరి ఏం లోపమని చెప్పను? ఫంక్షన్‌కి స్కూటర్ తోసుకుంటూ నడిచే వెళ్ళాం. పాపని నేను ఎత్తుకున్నాను.

ఆ నెలలోనే మరిది కొత్త సిస్టమ్ తెచ్చాడు. పని పెరిగింది, పాత మిషన్ మీద ఫోటోలు కదలడం లేదు. ఈసారి మానిటర్ పదిహేడు అంగుళాలది. గేమ్‌ల కోసమని తన అన్నకి మంచి గ్రాఫిక్స్ కార్డు కూడా వేసి తెచ్చాడు. బిగించడం అయ్యాక ఉత్సాహంగా చెప్పుకొచ్చాడు.

"అన్నయ్యా, ఇంక నువ్వూ వదినగారూ కొట్టుకోనక్కర్లేదు. దీనికి వెయ్యి ఇరవై నాలుగు పెడితే వదినగారికీ అక్షరం పెద్దగానే ఉంటది, నీకూ పేజీ అంతా కనపడుద్ది. వణుకు అసలుండదు. గేమ్‌కి కూడా అదే. ఇప్పుడు తెర నిండా పెట్టుకు ఆడు. కారులో కూర్చున్నట్టే ఉంటది."

మావారు కూర్చున్నారు. గేమ్ మొదలుపెట్టారు. తెర నిండా రోడ్డు, చెట్లు, ఆకాశం, ఎంత బాగుందో. మొదటి మలుపులోనే గుద్దేశారు. రెండోసారీ గుద్దేశారు. అప్పుడు మీట నొక్కడం మొదలుపెట్టారు. నల్లటి అంచు చుట్టూ పెరిగింది. ఇంకా నొక్కారు. బొమ్మ పోస్టుకార్డంత అయ్యాక కుర్చీ వెనక్కి లాక్కుని, "ఆఁ, ఇప్పుడు బావుంది" అన్నారు.

మరిది నవ్వాడు. "ఇంత మానిటర్ తెచ్చింది ఇంత బొమ్మ చూడ్డానికా? ఇప్పుడు మిషన్‌కి దమ్ముంది. చిన్నది చెయ్యక్కర్లేదు."

"మిషన్ కోసం కాదురా. ఇలా అయితేనే రోడ్డంతా కనపడుద్ది."

"పెద్దదిగా ఉన్నప్పుడు కనపడదా?"

"కనపడుద్ది. కానీ... ఎటు చూస్తే అటే కనపడుద్ది కదా."

మరిది నవ్వడం ఆపేశాడు. నేను టీ గ్లాసుతో గుమ్మంలోనే ఉండిపోయాను. మరిది అన్నగారి ఎడమపక్కకి జరిగి, ఏమీ అనకుండా, ఒక చెయ్యి మెల్లగా ముందుకు చాచాడు. మావారి చెవి దాటి, చెంప దాటి, ఆ చెయ్యి తెరకి సగం దూరం వచ్చింది. వేళ్ళు ఆడించాడు. మావారు ఆడుతూనే ఉన్నారు. మరిది ఇంకొంచెం ముందుకి జరిపాడు.

"ఏంట్రా, మధ్యలో చెయ్యి పెడతావు?" అని అప్పుడు ఉలిక్కిపడ్డారు. అప్పటికి ఆ చెయ్యి దాదాపు ఆయన ముక్కుకి ఎదురుగా ఉంది.

"ఏం లేదు, దోమ" అన్నాడు మరిది.

కాసేపాగి పెరట్లోకి వచ్చాడు. నేను నూతి చుట్టూ కట్టిన పళ్ళెం దగ్గర గిన్నెలు తోముతున్నాను. తను నూతి తాడు పట్టుకుని నిలబడ్డాడు. నేనే, "ఏంటి బాబూ?" అన్నాను.

"వదినగారూ, నాన్న టీవీ ఎలా చూసేవారో గుర్తుందాండి?"

మామగారు నా పెళ్ళయిన మూడో ఏట పోయారు. గోదావరి లంకలో, మామగారుండే మా పాత ఇంట్లో టీవీ గదిలో ఉండేది. అందరం గదిలో చాప మీద కూర్చుంటే ఆయన మాత్రం వీధి అరుగు మీద కూర్చుని కిటికీలోంచి చూసేవారు. రండి మామయ్యగారూ అంటే, ఇక్కణ్ణుంచే బాగుందమ్మా, అక్కడైతే బొమ్మ చెదిరిపోతది, అనేవారు. ఆడవాళ్ళ మధ్య కూర్చోవడానికి మొహమాటం అని మేం అనుకునేవాళ్ళం.

ఆయన పోయింది మిట్టమధ్యాహ్నం. మా పొలానికి వెళ్ళే దారిలో చేలకి నీళ్ళు పారే పంట బోదె మీద కొబ్బరి దుంగ ఒకటి అడ్డంగా వేసి ఉంటుంది. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ ఆయన నడిచిన దుంగ. ఆ రోజు దాని మీద నుంచి పక్కకి అడుగేశారు. తాగుడు లేదు, జబ్బు లేదు. తల తిరిగి ఉంటుందని ఊరంతా అంది. మేమూ అదే అన్నాం.

గిన్నె నా చేతిలోంచి జారి నూతి పళ్ళెం మీద పడింది. లోపల్నుంచి మావారు, "ఏంటా చప్పుడు?" అని కేకేశారు.

"ఏం లేదండీ" అన్నాను.

ఆయన్ని కాకినాడ బయల్దేరదీయడం తేలిక కాలేదు. "నా కళ్ళకేంటంట? సూదిలో దారం ఎక్కించమంటావా, పంచాంగం చదవమంటావా?" అని కోప్పడ్డారు. చివరికి మరిది తనకే తలనొప్పిగా ఉందని, కంటి ఆసుపత్రికి తోడు రమ్మని అడిగాడు. తమ్ముడంటే ఆయనకి ప్రాణం. "ఆయ్, అలా చెప్పు మరి" అని వెంటనే లేచారు. ముక్తేశ్వరం రేవులో పంటు ఎక్కి, గోదావరి దాటి, కోటిపల్లి నుంచి బస్సులో వెళ్ళాం. పంటు మీద ఆయన ఉషారుగా ఉన్నారు. తమ్ముడికి ధైర్యం చెబుతున్నారు. మరిది తల వంచుకుని వింటున్నాడు.

ఆసుపత్రిలో ఇద్దరికీ పరీక్షలు చేశారు. కంట్లో చుక్కలు వేసి, ఒత్తిడి కొలిచి, డాక్టరుగారు మావారిని మాత్రం ఇంకో గదిలోకి పంపించమన్నారు. చీకటి గది. అందులో తెల్లటి పెద్ద గిన్నెని పక్కకి తిప్పి నిలబెట్టినట్టు ఒక యంత్రం. గడ్డం దాని అంచున ఆనించి, ఒక కన్ను మూసి, నడిమధ్యలో ఉన్న చుక్కనే చూడాలి. గిన్నెలో ఎక్కడ వెలుగు మెరిస్తే అప్పుడు చేతిలోని మీట నొక్కాలి. అక్కడున్న అమ్మాయి చెప్పిందంతా విని ఆయన, "ఇది మా గేమ్‌లాగే ఉందండీ" అన్నారు.

నన్ను తలుపు దగ్గర కూర్చోమంది. నేను కూర్చోలేక ఆయన వెనకాల నిలబడ్డాను.

మధ్యకి దగ్గరగా ఒక వెలుగు మెరిసింది. టక్కున నొక్కారు. పక్కనే ఇంకోటి. నొక్కారు. తర్వాత పైన మెరిసింది. ఆయన బొటనవేలు కదల్లేదు. ఎడమవైపు మెరిసింది. కదల్లేదు. కింద, మళ్ళీ ఎడమ, మళ్ళీ పైన, ఇంకొంచెం కాంతిగా. వెనక నిలబడ్డ నాకు కనపడుతున్నాయి. ఆయన బుద్ధిగా, కదలకుండా, తర్వాతి వెలుగు కోసం చూస్తున్నారు. "నొక్కండి, నొక్కండి" అని అరవాలనిపించి చీర కొంగు నోట్లో కుక్కుకున్నాను. ఆ అమ్మాయి నా వైపు ఒకసారి చూసి మళ్ళీ తల దించుకుంది.

రెండో కన్ను కూడా అయ్యాక ఆయన లేచి నుదురు తుడుచుకున్నారు. ముఖం వెలిగిపోతోంది.

"ఒక్కటి కూడా తప్పలేదు, తెల్సా?" అన్నారు నాతో. "వచ్చినవన్నీ నొక్కేసేను. కొన్నిసార్లు మరీ ఆలస్యంగా వేస్తన్నారు గానీ."

డాక్టరుగారు పెద్దావిడ. నెమ్మదిగా మాట్లాడారు. యంత్రం ఇచ్చిన కాగితం మా ముందు పెట్టారు. రెండు గుండ్రాలు. రెండూ నల్లగా ఉన్నాయి. నడిమధ్యలో మాత్రం కొంచెం తెలుపు.

"మధ్యచూపు చాలా బాగుందండి. అందుకే మీకు తెలియలేదు. చుట్టూ ఉండే చూపు పోయింది. నీటి కాసులంటారు, గ్లాకోమా. లోపల ఒత్తిడి పెరిగి నరం చచ్చిపోతుంటుంది. నొప్పుండదు, ఎర్రబడదు."

"నాకెక్కడా నల్లగా లేదండీ" అన్నారు మావారు. "అంతా కనపడతంది. ఇదిగో, మీరు కనపడతన్నారు. గోడ మీద కేలండర్ కనపడతంది."

"నల్లగా ఉండదు. లేనిచోట కూడా ఉన్నట్టే అనిపిస్తుంది. మీ ఎడమపక్కన ఎవరున్నారో తిరక్కుండా చెప్పండి."

"ఎవరూ లేరండి."

మరిది అక్కడే కూర్చుని ఉన్నాడు. మోకాలు మోకాలికి తగిలేంత దగ్గర్లో.

ఆయన తల తిప్పి చూశారు. తమ్ముణ్ణి చూసి చిన్నగా, "నువ్వెప్పుడొచ్చేవురా?" అన్నారు.

పోయింది రాదన్నారు డాక్టరుగారు. ఉన్నదాన్ని నిలబెట్టడానికి రోజూ చుక్కల మందు వేసుకోవాలి. బండి తోలకూడదు. తర్వాత మరిది కాగితం తీశారు. "ఇది ఇళ్ళల్లో వస్తుంటుందండి. మీ తమ్ముడికి కూడా ఒత్తిడి ఎక్కువగానే ఉంది. చూపు ఇంకా పోలేదు. ఇప్పటి నుంచే మందు మొదలుపెడితే మంచిది. మీ నాన్నగారికేమన్నా కళ్ళ బాధ ఉండేదా?"

నేనే చెప్పాను. దుంగ సంగతి చెబుతుంటే అన్నదమ్ములిద్దరూ నేల వైపు చూస్తున్నారు. డాక్టరుగారు రాసుకోలేదు, తల ఊపారంతే. మీకు పిల్లలున్నారా అని అడిగారు. పాప ఉందన్నాను. ఏడాదికోసారి తీసుకురమ్మన్నారు.

తిరుగు ప్రయాణంలో మరిది కోటిపల్లి దాకా వచ్చి ఆగిపోయాడు. పంటు రేవు వదిలేసరికి సాయంత్రమైంది. గోదావరి మీద మబ్బు కమ్ముకుని నీళ్ళు బూడిద రంగులో ఉన్నాయి. మోటార్‌సైకిళ్ళు, మేకలు, అరటి గెలలు, జనం. వెళ్ళేటప్పుడు అంత మాట్లాడిన మనిషి రెయిలింగు పట్టుకుని నిలబడి, తలని మెల్లగా ఒక చివర నుంచి ఇంకో చివరకి తిప్పుతున్నారు. మళ్ళీ వెనక్కి. ఎంత లేదో లెక్క చూసుకుంటున్నట్టు. అవతలి రేవులో పంటుకీ గట్టుకీ మధ్య బల్ల వేశారు. ఆయన బల్ల దగ్గర ఆగిపోయారు. పొద్దున్న అదే బల్ల మీద నుంచి గబగబా ఎక్కిన మనిషి. వెనక జనం తోసుకుంటున్నారు. "నడవండి బాబూ" అన్నారెవరో. నేను ముందుకి వెళ్ళి చెయ్యి ఇచ్చాను. నలుగురిలో ఎప్పుడూ నా చెయ్యి పట్టుకోలేదాయన. ఆ రోజు పట్టుకున్న పట్టుకి నా గాజు ఒకటి చిట్లింది.

స్కూటర్ అమ్మలేదు. నేను నేర్చుకున్నాను. నేను తోలుతుంటే మావారు వెనక కూర్చోవడం చూసి మొదట్లో వీధిలో నవ్వారు. తర్వాత అలవాటు పడ్డారు. మందు పొద్దుటా సాయంత్రం నేనే వేసేదాన్ని. ఏటేటా పాపకి చేయించిన కంటి పరీక్షల్లో ఏమీ బయటపడలేదు, ఇప్పటివరకూ. ఆ రోజులు దగ్గరపడుతుంటే నాకు అన్నం సయించేది కాదు.

గేమ్ ఆడటం ఆయన మానలేదు. అదొక్కటే నాకు అర్థం కాలేదు. "దేనికండీ, బాధగా ఉండదూ?" అన్నాను ఒకరోజు. "ఎంతుందో తెలుస్తది కదా" అన్నారు. అప్పట్నుంచి నేనూ ఆ బొమ్మ సైజే చూసేదాన్ని. రెండేళ్ళు పోస్టుకార్డంతే ఉంది. ఒక వర్షాకాలం మధ్యాహ్నం టీ తీసుకెళితే అగ్గిపెట్టెంత ఉంది. బయట కొబ్బరి మట్ట ఒకటి రేకుల మీద పడితే ఇద్దరం ఉలిక్కిపడ్డాం.

రెండు వేల ఎనిమిదో తొమ్మిదో, పదిహేడు అంగుళాల మానిటర్ కాలిపోయింది. మరిది పలక మానిటర్ తెచ్చాడు. గోడకి ఆనించి పెట్టొచ్చు, వెనక డిప్ప లేదు. కానీ బాగా వెడల్పు.

"ఇప్పుడు ఇవేనండి వదినగారూ, చదరంవి రావట్లేదు" అన్నాడు. "దీనికి ఒకటే రిజల్యూషన్. కంపెనీవాడు ఎంత పెడితే అంతే. మార్చితే అక్షరం అలికినట్టయిపోద్ది."

మావారు వచ్చి కూర్చున్నారు. ఒక పెళ్ళి కార్డు తెరిచి పెట్టాను. ఆయన తల ఎడమ చివర నుంచి మొదలుపెట్టి మెల్లగా కుడి చివరకి తిప్పారు. కుడి చివరకి వచ్చేసరికి ఎడమ చివర పోయినట్టుంది, మళ్ళీ వెనక్కి వచ్చారు. కుర్చీ కొంచెం వెనక్కి జరిపారు. చాలక ఇంకా జరిపారు. కుర్చీ వెనక బీరువాకి కొట్టుకుంది.

"ఇంక చోటు లేదు" అన్నారు.

మరిది జేబులో చుక్కల మందు సీసా ఉంటుంది, దాన్ని బయటకి తీసి మూత బిగించుకుని మళ్ళీ పెట్టుకున్నాడు.

మర్నాడు ఇద్దరు మనుషుల్ని పిలిచి బీరువాని పడగ్గదిలోకి మార్పించాం. దాని వెనక గోడ మీద ఇన్నాళ్ళూ వెలుగు తగలని పెద్ద మచ్చ ఉంది. కుర్చీ ఆ గోడదాకా వెళ్ళింది. ఆయన కూర్చుని చూసి, కార్డంతా కనపడుతోందన్నారు. ఎన్నాళ్ళకి సరిపోతుందని నేను అడగలేదు. పెళ్ళికూతురి తరఫు వాళ్ళ ఇంటిపేరులో ఒక దీర్ఘం తప్పుందని అంతదూరం నుంచే చెప్పారు. నేను సరిచేశాను.